ఘాట్ ఎక్కేటప్పుడే మిస్సింగ్ వస్తుంటే ముందు కాయిల్ కొనకండి

కారుకి స్కానర్ పెట్టగానే పి0303 అనే కోడ్ వచ్చిందనుకోండి, ఇంజన్ మూడో సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదని, అంటే మిస్సింగ్ ఉందని దానర్థం. అంతవరకే. ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందని కాదు, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ మూసుకుపోయిందని కాదు, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ మార్చమనీ కాదు. కోడ్ సిలిండర్‌ని చూపిస్తుంది, సామాన్ని చూపించదు. ఆ సిలిండర్‌లో ఏది చెడిందో కనిపెట్టడం మనిషి చేయాల్సిన పని. దానికి ఒక వరస ఉంది, పెద్ద ఖర్చు లేదు, కాస్త ఓపిక కావాలి. ఈ సంగతి తెలియక మన ఊళ్ళో ఎంతమంది కాయిళ్ళు, ఇంజెక్టర్లు మార్పించుకుంటూ షెడ్ల చుట్టూ తిరుగుతున్నారో చూస్తుంటే బాధేస్తుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా పిన్ని కొడుకు ఇక్కడే తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాడు. రైల్వే స్టేషన్ దగ్గర యాత్రికుల్ని ఎక్కించుకుని తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పి తీసుకొస్తాడు, మదనపల్లె వైపు బాడుగలకూ పోతాడు. బండి నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు, బీఎస్‌6, కంపెనీలోనే సీఎన్‌జీ అమర్చి వచ్చింది, లక్ష కిలోమీటర్లు దాటింది. ఎండలు ముదిరినప్పటి నుంచి వాడిదే గోల. "అన్నా, చదును రోడ్డు మీద బానే పోతా ఉంది, కాళహస్తి దాకా ఏం తేడా లేదు. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం గుంజుతా ఉంది, పికప్పే ఉండదు, మీటర్లో ఇంజన్ లైటు ఎలిగి ఆరతా ఉంటాది."

నా దగ్గరికి వచ్చేసరికే వాడు ఒక షెడ్డులో పి0303 కోడ్ చూసి మూడో సిలిండర్ కాయిల్ మార్పించాడు. కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదలైంది. తర్వాత ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నారు, ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు, అదే థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అన్నారు, అవీ అయ్యాయి. చివరికి సిలిండర్ల గాలి దారులు మూసి తెరిచే వాల్వులు కాలి ఉంటాయి, ఇంజన్ పైభాగమైన హెడ్ దించాలి అన్నారు. హెడ్ దించడమంటే ట్యాక్సీ వాడికి మామూలు విషయం కాదు. పని ఖర్చు ఒకెత్తు, బండి నిలబడినన్ని రోజులు బాడుగ ఉండదు, కానీ ఈఎంఐ మాత్రం ఆగదు. "ఏం జెయ్యాల నా" అని వాడు అడిగినప్పుడు గొంతులో టెన్షన్ తెలిసిపోయింది.

బోనెట్ ఎత్తక ముందు నేను వాడిని అడిగినవి మామూలు ప్రశ్నలే. ఎప్పుడు వస్తోంది, పొద్దున చల్లటి ఇంజన్ మీదా, వేడెక్కాకా? ఐడ్లింగ్‌లో బండి వణుకుతుందా? ఏ గేరులో ఎక్కువ? సీఎన్‌జీ మీదా, పెట్రోల్ మీదా? ఇంజన్ కడిగించావా? ఎక్కడైనా ఎలుకలు వైర్లు కొరికాయా? సగం రోగం ఈ జవాబుల్లోనే ఉంటుంది. మీ కారు ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళినా, ఆయన ఇవేమీ అడగకుండా నేరుగా స్కానర్ పెట్టి సామాను పేరు చెబితే అక్కడే కాస్త ఆగండి.

వాడి జవాబులు ఇవీ. ఐడ్లింగ్ నున్నగా ఉంది. రెండో గేరులో గట్టిగా రేస్ చేసి ఎక్కితే దాదాపు ఏమీ లేదు, మూడు, నాలుగు గేర్లలో తక్కువ స్పీడు మీద యాక్సిలరేటర్ అదిమితే గుంజుతుంది. సీఎన్‌జీ మీద ఎక్కువ, పెట్రోల్ మీదికి మార్చినా పోదు కానీ కాస్త తగ్గుతుంది.

ఈ మూడు ముక్కల్లో ఎంత విషయం ఉందో చూడండి.

ప్లగ్ కొనల మధ్య సందు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బయట గాలిలో ఆ సందు దాటడం నిప్పురవ్వకు తేలిక. సిలిండర్ లోపల గాలి నొక్కుకుని ఉంటుంది, ఒత్తిడి పెరిగే కొద్దీ ఆ సందు దాటడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. చదును రోడ్డు మీద సాఫీగా పోతున్నప్పుడు థ్రాటిల్ కొద్దిగానే తెరుచుకుంటుంది, లోపలికి పోయే గాలి తక్కువ, ఒత్తిడీ తక్కువ, కాయిల్‌కి పెద్ద పని ఉండదు. భాకరాపేట ఘాట్‌లోనో, తిరుమల ఎక్కే రోడ్డులోనో నాలుగో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుని సిలిండర్ నిండా గాలి వస్తుంది, అప్పుడు కాయిల్ ఎన్నో వేల వోల్టులు ఇవ్వాల్సి వస్తుంది. ఆ దారిలో ఎక్కడ బలహీనత ఉన్నా కరెంటు ప్లగ్ కొన దాకా పోదు, మధ్యలోనే పక్కకు దిగిపోతుంది. కాలువకు గండి పడితే నీళ్ళు చివరి మడి దాకా పోవు కదా, అదే ఇక్కడ జరిగేది. సీఎన్‌జీ కథ కూడా ఇదే, గ్యాసు మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే ఇగ్నిషన్‌లో లోపం ముందు సీఎన్‌జీ మీదే బయటపడుతుంది.  ఘాట్ ఎక్కే రోడ్డు మీద ఇంజన్ ఆగకుండా పని చేయాలి కాబట్టి ఊళ్ళో ఏడాది పొడుగునా దాక్కున్న లోపం అక్కడ కొద్ది నిమిషాల్లోనే బయటికి వచ్చేస్తుంది. మన ఊరి వాళ్ళకి ఇదొక వసతి అనుకోవచ్చు.

ఇప్పుడు ఇంజెక్టర్ మాట. ఇలా కంపెనీ నుంచి వచ్చిన సీఎన్‌జీ బండ్లలో పెట్రోల్ ఇంజెక్టర్లు వేరు, గ్యాసు ఇంజెక్టర్లు వేరు, ప్రతి సిలిండర్‌కీ రెండు రకాలూ ఉంటాయి. మిస్సింగ్ రెండు ఇంధనాల మీదా అదే మూడో సిలిండర్‌లో వస్తోందంటే, మూడో పెట్రోల్ ఇంజెక్టరూ మూడో గ్యాస్ ఇంజెక్టరూ రెండూ ఒకేసారి పాడై ఉండాలి. అలా జరగడం చాలా అరుదు. కాబట్టి ఇంజెక్టర్ క్లీనింగ్‌కి పెట్టిన డబ్బులు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మిగిలేవి. మీ కారు కూడా సీఎన్‌జీ అయితే ఇంధనం మార్చే ఆ స్విచ్చు మీ చేతిలో ఉన్న మంచి పరీక్ష. గ్యాసు మీద మాత్రమే వచ్చి పెట్రోల్ మీద అసలు రాకపోతే అప్పుడు గ్యాస్ ఫిల్టరు, రెగ్యులేటరు, గ్యాస్ ఇంజెక్టర్లు అనుమానించండి, ప్లగ్గుల వయసు కూడా చూడండి.

వాల్వ్ మాట కూడా అంతే. వాల్వ్ కాలి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడి, కారిపోతుంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే బాగా తెలుస్తుంది, ఎందుకంటే గాలి కారిపోవడానికి బోలెడంత సమయం దొరుకుతుంది. ఐడ్లింగ్‌లో వణుకు ఉండాలి, రేస్ చేసే కొద్దీ తగ్గాలి. మావాడి బండి ఐడ్లింగ్ నున్నగా ఉండి, లోడ్ పడితేనే గుంజుతోంది. హెడ్ దించమనడానికి ఇక్కడ ఏ ఆధారమూ లేదు. ఇంకా ఒక్క పానా కూడా పట్టుకోలేదు, అప్పటికే రెండు పెద్ద ఖర్చులు లెక్కలోంచి తీసేశాం.

లైటు గురించి ముందు చెప్పాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే బండిని నెమ్మదిగా షెడ్డుకు తీసుకెళ్ళొచ్చు. వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం అది వేరే విషయం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోతోందని, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడయ్యేంతగా మిస్సింగ్ ఉందని ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, చెబుతోంది. ఆ కన్వర్టర్ లోపల పింగాణీ జల్లెడ ఉంటుంది, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కాలని ఇంధనం అక్కడికి పోయి మండితే జల్లెడ కరిగి మూసుకుపోతుంది, అప్పుడు వందల రూపాయల్లో పోయే రోగం పదుల వేలకు చేరుతుంది. ఘాట్‌లో లైటు కొట్టుకుంటుంటే వెంటనే యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయండి, గేరు తగ్గించండి, బండి ఆపడానికి తావు దొరికిన చోట పక్కకు తీసి ఆపండి. మావాడు యాత్రికులు కూర్చుని ఉన్నారని అలాగే పైదాకా తోలిన సందర్భాలున్నాయట. వాడి అదృష్టం, కన్వర్టర్‌కి ఏమీ కాలేదు.

ఈసీయూకి ఇదంతా ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. సిలిండర్ లోపల కళ్ళేమీ పెట్టలేదు. సిలిండర్ల మంట తిప్పే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్ట్‌కి పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది, దాని పక్కన సెన్సర్. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి అర చుట్టుకీ ఒక సిలిండర్ మండి షాఫ్ట్‌ని నెడుతుంది. ఎక్కువ బండ్లలో వరస 1-3-4-2. మూడో సిలిండర్ మండాల్సిన వేళ షాఫ్ట్ కొంచెం నెమ్మదిస్తే, ఆ రవ్వంత తేడా పట్టుకుని లెక్క రాసుకుంటుంది. అందుకే కోడ్‌కి సిలిండర్ నంబరు తెలుస్తుంది, కారణం తెలియదు. పి0301 నుంచి పి0304 వరకు ఒక్కో సిలిండర్‌వి, పి0300 అంటే ఒకటి కాదు, ఎక్కడ పడితే అక్కడ వస్తోందని. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లలో ఇలాంటి లోపాల్ని కోడ్‌గా రాసుకునే ఓబీడీ-2 ఏర్పాటు ఉంటుంది, స్టీరింగ్ కింద మోకాలి దగ్గర ఆ సాకెట్ ఉంటుంది. బ్లూటూత్ అడాప్టర్ ఒకటి కొనుక్కుని ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలు, కోడ్ చదవడానికి ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు.

యాప్‌లో కోడ్ ఒక్కటే చూసి మూసేయకండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఇంకొకటి ఉంటుంది, కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎలా ఉందో ఈసీయూ తీసి పెట్టుకున్న లెక్క. మావాడి దాంట్లో ఆర్‌పీఎం 1,600 దగ్గర, లోడ్ 90 శాతం దగ్గర, ఇంజన్ పూర్తిగా వేడిగా ఉంది. వాడు నోటితో చెప్పిందీ ఇదీ సరిపోయింది. షెడ్డులో ఎవరైనా ఇది చూశారా అని అడిగితే, "కోడు జెరిపేసి ఇచ్చేసినారు నా" అన్నాడు. కోడ్ చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. చెరిపే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తర్వాత ఎవరికి చూపించాలన్నా అదే ఆధారం.

ఇంకో మెలిక ఉంది, ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. ఇంధనాన్ని ఈసీయూ ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె, అదే ఫ్యూయల్ ట్రిమ్, మావాడి బండిలో ప్లస్ వైపు ఉంది, అంటే ఇంధనం తక్కువగా ఉందనుకుని ఈసీయూ అదనంగా పోస్తోంది. దాన్ని చూసే ఇంజెక్టర్ మూసుకుపోయిందని ఆ షెడ్డులో అనుకుని ఉంటారు. కానీ మిస్సింగ్ వచ్చిన సిలిండర్‌లో మంట లేదు కాబట్టి అక్కడి ఆక్సిజన్ ఖర్చు కాకుండా అలాగే బయటికి వస్తుంది. సైలెన్సర్ దారిలోని ఆక్సిజన్ సెన్సర్ ఆ ఆక్సిజన్‌ని మాత్రమే కొలుస్తుంది, దాని పక్కనే కాలని పెట్రోల్ కూడా ఉందని దానికి తెలియదు. గాలి ఎక్కువైంది, ఇంధనం తక్కువైంది అని చెబుతుంది. ఇగ్నిషన్ లోపం వల్ల వచ్చిన ఫలితాన్ని కారణమనుకుంటే ఇలాగే అవుతుంది. అందుకే ట్రిమ్ ఒక్కదాన్నే నమ్మి సామాను కొనకూడదు.

రేణిగుంట రోడ్డులో నాకు బాగా తెలిసిన మెకానిక్ అన్న ఒకరున్నారు. చిన్న షెడ్డు. పెద్దగా మాట్లాడరు, తొందరపడరు. చెప్పింది విని, "సరే, ఇంజన్ సల్లారనీ, అప్పుడు కాయిల్ ఇప్పుదాం" అన్నారు. వేడి మీద ప్లగ్ తిప్పకూడదు, హెడ్ అల్యూమినియంది, మర పాడైతే ఆ నష్టం వేరే లెక్క. కాబట్టి టీ తాగి కూర్చున్నాం.

మూడో కాయిల్ పైకి తీయగానే, ప్లగ్ మీదికి దిగే దాని రబ్బరు గొట్టం, అదే బూట్, కింది భాగం నూనెతో తడిసి ఉంది. టార్చి వేసి చూస్తే ప్లగ్ గుంత అడుగున నల్లగా ఇంజన్ ఆయిల్ నిలిచి ఉంది. కొత్త కాయిల్ వేసినప్పుడు ఆ గుంతలోకి ఒక్కసారి తొంగి చూసి ఉంటే పని అక్కడే తెమిలిపోయేది. ఆ నూనెలోనే కొత్త కాయిల్ బూట్ దిగబడింది, రబ్బరు ఉబ్బింది. నూనె, వేడి కలిసి రబ్బరును తినేస్తాయి.

అయినా అన్న అక్కడితో ఆగలేదు, అదే నాకు నచ్చింది. నూనె కనబడింది కాబట్టి నూనే కారణం అని అనుకోవచ్చు, కానీ రుజువు కాలేదు కదా. మూడో కాయిల్ తీసి ఒకటో సిలిండర్‌లో పెట్టారు, ఒకటో దాన్ని మూడోదాంట్లో పెట్టారు. కోడ్ చెరిపి భాకరాపేట ఘాట్‌కి పోయాం. రంగంపేట దాటాక అడవి మొదలవుతుంది, రోడ్డు పైకి లేస్తుంది. అదే మలుపు, అదే నాలుగో గేరు, అదే సీఎన్‌జీ, తమ్ముడు తోలుతుంటే నేను పక్కన కూర్చుని యాప్ చూస్తున్నాను. తోలే మనిషి ఫోన్ చూడకూడదు, ఘాట్‌లో అసలే చూడకూడదు, ఇద్దరు ఉంటేనే ఈ పరీక్ష చేయండి. మళ్ళీ పి0303 పడింది. కాయిల్ మారినా రోగం మూడో సిలిండర్‌ని వదల్లేదు, అంటే కాయిల్ మంచిదే. వాడు డబ్బు పెట్టి తీసేయించిన పాత కాయిల్ కూడా బహుశా మంచిదే అయి ఉంటుంది.

తర్వాత ప్లగ్గులు. మూడో ప్లగ్ తీసే ముందు గుంతలోని నూనెను గుడ్డతో పీల్చి, గాలి కొట్టి శుభ్రం చేశారు. ఇది చేయకుండా ప్లగ్ విప్పితే ఆ నూనె, మట్టి మొత్తం సిలిండర్‌లోకి జారిపోతాయి. ప్లగ్ బయటికి తీసి వెలుతురులో తిప్పి చూస్తే తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత కనబడింది. కరెంటు కొన దాకా పోకుండా పింగాణీ పక్క నుంచి ఇంజన్ బాడీలోకి దిగిపోయిన దారి అది. ఒకసారి ఆ గీత పడిందంటే అది కార్బన్, కరెంటును మోస్తుంది, ఆ తర్వాత ప్రతిసారీ ఆ దారే తేలిక. తుడిస్తే పోదు. లోడ్ తక్కువున్నప్పుడు కొన దగ్గరే రవ్వ పడుతుంది, లోడ్ పెరిగి అక్కడ కష్టమైనప్పుడు గీత వెంట జారిపోతుంది. ఘాట్‌లో మాత్రమే గుంజడానికి పూర్తి జవాబు ఆ గీతలో ఉంది.

ఆ ప్లగ్‌ని ఒకటో సిలిండర్‌లో, ఒకటో ప్లగ్‌ని మూడోదాంట్లో పెట్టి మళ్ళీ ఘాట్ ఎక్కాం. ఈసారి పి0301. రోగం ప్లగ్ వెంట నడిచి వచ్చింది. ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు. స్క్రీన్ మీద ఆ అంకె మారినప్పుడు తమ్ముడు బండి పక్కకి ఆపి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "హెడ్ దించే పని లేదా నా?" అని ఒకటే మాట అడిగాడు.

ప్లగ్ మార్చేసి పంపించినా కొన్నాళ్ళకు మళ్ళీ ఇదే వచ్చేది, ఎందుకంటే నూనె వస్తూనే ఉంటుంది. ఆ నూనె ఇంజన్ పైమూత, అదే టాపెట్ కవర్ నుంచి వచ్చింది. కవర్ కింద ప్లగ్ గుంతల చుట్టూ రబ్బరు సీళ్ళు ఉంటాయి, ఏళ్ళ తరబడి వేడికి అవి గట్టిబడి పగులుతాయి. కవర్ విప్పితే మూడో గుంత సీల్ వేలితో నొక్కగానే విరిగింది. అన్న ఇంకో అడుగు వెనక్కి వెళ్ళి పీసీవీ వాల్వ్ కూడా తీసి ఊపారు. మంచిదైతే లోపల చిన్నగా గిలకమని శబ్దం రావాలి, ఇది జిగురు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఇంజన్ కింది భాగంలో పుట్టే ఆవిర్లు పోవాల్సిన దారి అదే. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నూనెను బయటికి తోస్తుంది. పాత సీల్ తీసి కొత్తది వేసి పీసీవీని అలాగే వదిలేస్తే కొత్త సీల్ కూడా త్వరగానే కారడం మొదలుపెడుతుంది.

వేసిన సామాను ఇదీ: టాపెట్ కవర్ ప్యాకింగ్ సెట్టు, పీసీవీ వాల్వ్, నాలుగు ప్లగ్గులు, కాయిల్ రబ్బరు బూట్లు. ప్లగ్ మార్చి బూట్ పాతదే ఉంచకూడదు. గీత ప్లగ్ మీద ఉందంటే దానికి ఎదురుగా బూట్ లోపల కూడా ఉండే అవకాశం ఎక్కువ, అది కొత్త ప్లగ్‌ని కూడా పాడు చేస్తుంది. కొన్ని బండ్లకు బూట్ విడిగా దొరుకుతుంది, కొన్నింటికి కాయిల్‌తోనే వస్తుంది, అప్పుడు కాయిల్ కొనక తప్పదు. ప్లగ్ మీ బండి పుస్తకంలో రాసిన నంబరుదే వేయండి, బిల్లు తీసుకుని నమ్మకమైన షాపులో కొనండి, నకిలీ ప్లగ్గులు మార్కెట్‌లో బాగానే తిరుగుతున్నాయి. ఇరిడియం ప్లగ్ అయితే ఉప్పు కాగితంతో రుద్దడం, మధ్య కొనను నొక్కి సందు సరిచేయడం చేయించకండి, ఆ కొన చాలా సన్నం. కవర్ బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అటూ ఇటూ మార్చి మార్చి టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంతే బిగించాలి. గట్టిగా బిగిస్తే కారదనుకుని చేతి బలం చూపిస్తే కవర్ వంగుతుంది, ప్యాకింగ్ చితుకుతుంది, మళ్ళీ కారుతుంది. అన్న టార్క్ రెంచ్ తీసి చేశారు, చిన్న షెడ్డులో అది ఉండడమే నాకు గౌరవంగా అనిపించింది.

మొత్తం ఖర్చు హెడ్ పనికి అడిగిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు. తర్వాత అదే ఘాట్, అదే గేరు, నిండా మనుషుల్ని ఎక్కించుకుని తోలాడు. బండి గుంజలేదు, లైటు రాలేదు, ట్రిమ్ రెండు వైపులా ఐదు శాతం లోపలికి వచ్చేసింది. ఈసారి ఇంజెక్టర్లను ఎవరూ ముట్టుకోలేదు, ట్రిమ్ దానంతటదే సర్దుకుంది.

మీ బండిలో కాయిల్, ప్లగ్ రెండూ మార్చి చూసినా కోడ్ అదే సిలిండర్‌లో ఉంటే అప్పుడు ఇంజెక్టర్ అటూ ఇటూ మార్చి చూడాలి, లేదా ఆ ఇంజెక్టర్ కనెక్టర్ దాకా వచ్చే వైరు తెగిందేమో చూడాలి. ఎలుకలు కొరికిన వైర్లు నేను చాలా చూశాను, ముఖ్యంగా చెట్ల కింద, పొలాల పక్కన ఆపే బండ్లలో. దాని తర్వాతే కంప్రెషన్ పరీక్ష. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఒక్కో సిలిండర్ కొలవాలి. అంకె ఎంత అనే దానికంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగతా వాటికంటే పదిహేను శాతం పైగా తక్కువుంటే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలుస్తారు. పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ కింద ఉండే ప్యాకింగ్ అయిన హెడ్ గ్యాస్కెట్టో. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ తక్కువ చూపిస్తే గ్యాస్కెట్ మీద అనుమానం బలపడుతుంది. హెడ్ దించాలని చెప్పేవాళ్ళని ఈ అంకెలు కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. మర్యాదగానే అడగండి, మంచి మెకానిక్ ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇంజన్ తిరుగుతుండగా కాయిల్ ఒక్కోటి పీకి చూసే పాత అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది, దాన్ని చేయనివ్వకండి. షాక్ కొట్టే ప్రమాదం ఒకటి, కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోవడం ఇంకొకటి. అలా చూడాలంటే ఇంజెక్టర్ కనెక్టర్ తీస్తే చాలు, ఆ సిలిండర్‌లోకి ఇంధనమే పోదు. తీసినా ఇంజన్ శబ్దంలో తేడా రాకపోతే అది ముందు నుంచీ పని చేయని సిలిండర్.

పి0300 వచ్చి అన్ని సిలిండర్లలో అక్కడక్కడా మిస్సింగ్ ఉంటే దారి వేరు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏదో చెడింది. పగిలిన వాక్యూమ్ పైపు, పెట్రోల్ పంపు ఒత్తిడి తగ్గడం, నీళ్ళు కలిసిన పెట్రోల్, ఇలాంటివి. వాక్యూమ్ లీక్ అయితే ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి రేస్ చేస్తే తగ్గుతుంది. ఇక్కడే ఇ20 గురించి ఒక మాట. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 నుంచి రావడం మొదలైంది, అప్పటి నుంచి ఏ రోగం వచ్చినా ఇథనాల్ వల్లే అనడం అలవాటైపోయింది. ఇథనాల్‌కి నీళ్ళు పీల్చే గుణం ఉంది, ఎక్కువ కాలం కదలకుండా నిలబెట్టిన బండిలో ఇబ్బంది రావచ్చు, పాత బండ్ల రబ్బరు సామాన్ల గురించిన భయంలోనూ అర్థం ఉంది. కానీ ట్యాంకులో ఉన్న పెట్రోల్ నాలుగు సిలిండర్లకీ ఒకటే పోతుంది. ఒక్క సిలిండర్ మాత్రమే మిస్సయితే పెట్రోల్‌ని నిందించి లాభం లేదు.

దసరాకి జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి. ఆయుధ పూజకి ముందు రోజు వాటర్ సర్వీసింగ్ దగ్గర బండ్లు బారులు తీరతాయి, బోనెట్ ఎత్తి ప్రెషర్ గన్‌తో ఇంజన్ మీద కొట్టేస్తారు. ఆ నీళ్ళు కాయిల్ రబ్బరు పక్క నుంచి ప్లగ్ గుంతలోకి దిగి అక్కడే నిలబడతాయి, మర్నాడు కుంకుమ బొట్లు పెట్టి నిమ్మకాయలు తొక్కించి బండి తీస్తే మిస్సింగ్. ఆ నీళ్ళతోనే తోలితే పింగాణీ మీద అదే నల్ల గీత పడొచ్చు. ఇంజన్‌ని తడి గుడ్డతో తుడిపించండి, ప్రెషర్ గన్ వద్దని ముందే చెప్పండి. అప్పటికే కొట్టేసి ఉంటే బండి తీయకుండా, ఇంజన్ చల్లారాక కాయిళ్ళు నాలుగూ పైకి లాగించి, గుంతల్లో గాలి కొట్టించి, బూట్లు పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక మళ్ళీ పెట్టించండి.